చలికాలంలో పిట్టలకు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు: విజయవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మన దగ్గర చలికాలంలో పిట్టలకు తిండి దొరకదా?

దొరుకుతుంది. నిజానికి ఏడాదిలో ఎక్కువగా దొరికేది అప్పుడే. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా డెల్టాలో వరికోతలు, నూర్పిళ్లు. కళ్లాల్లో, రోడ్ల మీద ఆరబోసిన చోట, మిల్లుల దగ్గర ఎక్కడ చూసినా రాలిన గింజే. రాత్రి చలి కూడా 17, 18 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఆ మాత్రం చలికి పిట్ట చచ్చిపోదు.

చలికాలం పిట్టల తిండి గురించి ఇంటర్నెట్‌లో కనిపించే సలహాల్లో చాలా భాగం మంచు కురిసే దేశాలవి. అక్కడ నేల గడ్డకడుతుంది, పురుగు దొరకదు, పిట్ట రాత్రంతా ఒంట్లో కొవ్వు కరిగించుకుని బతుకుతుంది. మన సమస్య వేరు. ఇక్కడ చలికాలంలో పిట్టకి ముప్పు తెచ్చేది తేమ. తెల్లవారుజామున పడే మంచుకి పిట్టగోడ మీద గింజ తడుస్తుంది, మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండకి వేడెక్కుతుంది, రెండు రోజుల్లో బూజు పడుతుంది. అందుకే పొడిగా, కొంచెంగా పెట్టండి, ఏ రోజుది ఆ రోజే తీసేయండి. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే.

పల్లెలో సరే. అపార్ట్‌మెంట్ల మధ్య ఉండే పిట్టల సంగతేమిటి?

బియ్యం కొట్లు, పెంకుటిళ్లు, పెరళ్లు ఉన్న పాత వీధుల్లో పిచ్చుకకి మన సాయం పెద్దగా అక్కర్లేదు. టైల్స్ పరిచిన కొత్త కాలనీల్లో గింజకంటే పురుగే కరువు. పిచ్చుక పిల్లలకు మొదటి రోజుల్లో పురుగే తిండి. గింజలు పెట్టి పెద్దవాటిని రప్పించగలం కానీ, చుట్టూ చెట్టూ చేమా లేకపోతే పిల్లలు ఎదగవు. రెండు మందార మొక్కలు, ఒక కుండీలో కాస్త గడ్డి పెంచి, వాటికి మందు కొట్టకుండా వదిలేస్తే ఒక కిలో జొన్నలకంటే ఎక్కువ మేలు.

ఏ పిట్టకి ఏ గింజ?

ఊరపిచ్చుకకి, జీనువాయికి (మునియా), గిజిగాడికి ముక్కు చిన్నది, గింజ వలుచుకుని తినే ముక్కు. కొర్రలు, సజ్జలు, బియ్యపు నూకలు, వడ్లు బాగుంటాయి. కొర్రలు కొనేటప్పుడు పొట్టుతో ఉన్నవి అడగండి. పొట్టు తీసిన కొర్రబియ్యం ఖరీదెక్కువ, త్వరగా పురుగు పడుతుంది, పిట్టకి అదనంగా ఒరిగేదీ లేదు. గువ్వలు గింజని వలవవు, అలాగే మింగుతాయి. వాటికి జొన్నలు, సజ్జలు చాలు. మొక్కజొన్న పిచ్చుకకి పెద్దది, పెడితే రవ్వలా విరిచి పెట్టండి. రామచిలుకకి పొద్దుతిరుగుడు గింజలంటే ప్రాణం. అయితే వాటిలో నూనె ఎక్కువ, రోజూ అవే పెట్టకుండా వారానికి రెండు మూడుసార్లు చారెడు వేస్తే చాలు.

గోరింక, కాకి దాదాపు ఏదైనా తింటాయి. ఉప్పు లేకుండా ఉడికించిన గుడ్డు చిదిమి పెడితే ముందు అవే వస్తాయి. పిగిలిపిట్ట (బుల్‌బుల్), కోయిల పండు కోసం వస్తాయి. పసులపోలిగాడు (డ్రాంగో), పెద్ద నల్లంచి (మ్యాగ్‌పై రాబిన్) పురుగు తినే జాతి. ఎన్ని రకాల గింజలు పోసినా అవి మీ పళ్లెం వైపు రావు. రాలేదని బాధపడనక్కర్లేదు.

అంగట్లో దొరికే కలగలుపు పొట్లాల్లో పిచ్చుక ఏరుకుని తినేది కొన్నే, మిగిలింది కాలితో చిమ్మి కింద పడేస్తుంది. రెండు రకాలు విడిగా కొని మీరే కలుపుకుంటే ఖర్చూ తక్కువ, చెత్తా తక్కువ.

రోజుకి ఎంత పెట్టాలి?

ఊరపిచ్చుక బరువు పాతిక గ్రాములు, అటూ ఇటూ. రోజంతా తినేది నాలుగైదు గ్రాముల గింజ. అందులో సగం బయటే ఏరుకుంటుంది. పది పిచ్చుకలు వచ్చే ఇంట్లో 25 నుంచి 30 గ్రాములు, అంటే ఒక చారెడు, సరిపోతుంది. పొద్దున మంచు ఆరాక, ఏడున్నర ఎనిమిది మధ్య పెట్టండి. పది గంటలకల్లా అయిపోతే కొలత సరైనదే. సాయంత్రానికీ మిగిలిందంటే రేపు సగం చేయండి. మిగిలిందాని మీదే కొత్త గింజ పోయడం అందరూ చేసే తప్పు. అడుగున ఉన్నది ముక్కిపోతుంది, పైన చూస్తే బాగున్నట్టే ఉంటుంది.

సంక్రాంతికి వరి కంకుల కుచ్చు కడతాం. మంచిదేనా?

చాలా మంచిది. తెలుగువాళ్లు పిట్టలకు పెట్టే పద్ధతుల్లో ఇంతకంటే తెలివైనది లేదు. గింజ పొట్టులోనే ఉంటుంది కాబట్టి త్వరగా చెడదు. కుచ్చు వేలాడుతుంది కాబట్టి నీళ్లు నిలవవు, రెట్ట గింజ మీద పడదు. పిచ్చుక ఒక్కో గింజా లాక్కుని, వలుచుకుని తింటుంది. పావురం అంత సన్నటి దాని మీద నిలదొక్కుకోలేదు.

కట్టే పద్ధతి ఇది. కోతకి ముందు తెలిసిన రైతుని అడిగి మూరెడు కాడతో 70, 80 కంకులు కోయించుకోండి. పురుగుమందు చివరిసారి ఎప్పుడు కొట్టారో అప్పుడే అడగండి. ఆ మందు డబ్బా మీద కోతకి ముందు ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది, ఆ గడువు దాటిన చేనుదే తీసుకోండి. కింది ఆకులన్నీ దూసేయండి. కంకుల్ని నీడలో, గాలి తగిలేచోట రెండు మూడు రోజులు పరవండి. ఒక గింజ పంటి కింద పెట్టి చూడండి: టక్కున విరిగితే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఇంకా తేమ ఉన్నట్టు. పచ్చిగా ఉండగానే బిగించి కడితే ముడి దగ్గర లోపల వేడెక్కి నల్లబడుతుంది, బయటికి తెలియదు.

ముడికి కొబ్బరి తాడో జనపనార పురికొసో వాడండి. నైలాన్ దారం, సన్నటి మెషిన్ దారం వద్దు. పిట్ట కాలి వేలికి చుట్టుకుంటే బిగుసుకుపోయి వేలు ఊడిపోతుంది. చూరు కింద, వాన జల్లు తగలని చోట, ఏడెనిమిది అడుగుల ఎత్తున వేలాడదీయండి. వసారాలో అయితే సీలింగ్ ఫ్యాన్ ఉన్న చోట అసలు వద్దు. ఫ్యాన్ రెక్కలు తగిలి పిచ్చుకలు చచ్చిపోతాయి. చలికాలం కదా ఫ్యాన్ వేయం అనుకుంటారు, ఫిబ్రవరి రాగానే చెయ్యి స్విచ్ మీదికి పోతుంది, కుచ్చు మాత్రం అక్కడే వేలాడుతూ ఉంటుంది.

గింజలు అయిపోయాక గడ్డిని పారేయకండి. పిచ్చుకలు గూటికి పీక్కుపోతాయి.

తడిసి రంగు మారిన ధాన్యం చవగ్గా వస్తోంది. పిట్టలకే కదా, ఫర్వాలేదా?

వద్దు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచాంగ్ తుపాను తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోయింది. అలాంటి ఏడాది మొలకెత్తిన, నల్లబడిన ధాన్యం “కోళ్లకి, పిట్టలకి” అని అమ్ముడుపోతుంది. తడిసిన గింజ మీద పెరిగే కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తాయి. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండబెట్టినా పోదు, వేయించినా పోదు. బూజు దులిపేస్తే గింజ శుభ్రంగా కనిపిస్తుంది కానీ విషం లోపలే ఉంటుంది. పాతిక గ్రాముల ప్రాణికి మనం “కొంచెమే కదా” అనుకునేది కొంచెం కాదు.

ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. మట్టివాసనలాంటి ముక్కువాసన వచ్చినా, గింజలు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కట్టినా, పచ్చటి లేదా నల్లటి పొడి రాలినా, ఆ సంచి మొత్తం పక్కన పెట్టాల్సిందే.

విత్తనాలు మిగిలాయి. వేయొచ్చా?

ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి: విత్తనశుద్ధి చేసిన గింజ పిట్టకి విషం. వరి కోశాక తెనాలి వైపు మొక్కజొన్న, జొన్న వేస్తారు, డెల్టాలో మినుము చల్లుతారు. విత్తనాల పొట్లాలు ఇంట్లో మిగిలేది సరిగ్గా ఈ చలికాలంలోనే. గులాబీ, ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగు పూసి ఉన్నాయంటే పురుగుమందో శిలీంధ్రనాశకమో పట్టించారని అర్థం. కడిగితే రంగు పోతుంది, మందు పోదు. పెరట్లో ఆరబోయకండి, చెత్తలో విడిగా పారబోయకండి. పొట్లంతో సహా మూసి, పిల్లలకీ కోళ్లకీ అందకుండా ఉంచి, వచ్చే పంటకి వాడుకోండి.

పురుగు పట్టకుండా బిళ్లలు పెట్టి నిల్వచేసిన ధాన్యం కూడా ఇదే లెక్క. ఏ బస్తాలోంచి తీశారో తెలియని గింజ వేయకండి.

పచ్చి బియ్యం తింటే పిట్ట కడుపులో ఉబ్బి చచ్చిపోతుందట?

అబద్ధం. జీనువాయిలు, గిజిగాళ్లు పొలంలో తినేది పచ్చి వరిగింజే. పిట్టకి పళ్లు లేకపోయినా కండబలమున్న సంచిలాంటి రెండో కడుపు ఉంటుంది, మింగిన ఇసుక రేణువుల సాయంతో గింజని అందులో నూరేసుకుంటుంది. అయితే పాలిష్ బియ్యంలో పోషకం తక్కువ, దాని కంటే పొట్టున్న చిరుధాన్యమే మెరుగు. టైల్స్ కాలనీల్లో మట్టి కనపడదు కాబట్టి ఒక మూకుట్లో గుప్పెడు సన్న ఇసుక పెట్టడం మంచి పని. కోడిగుడ్డు పెంకులు మరిగించి, ఎండబెట్టి, మెత్తగా నలిపి అందులో కలిపితే గుడ్లుపెట్టే కాలానికి సున్నం అందుతుంది.

అన్నం, పెరుగన్నం, ఇడ్లీ పెట్టొచ్చా? కాకికి ముద్ద పెడతాం కదా?

ఉప్పు పడని ఉత్త అన్నం కొంచెం పెట్టొచ్చు. రెండు మూడు గంటల్లో తినకపోతే తీసేయండి. పెరుగు వద్దు: పాలలోని చక్కెరని అరిగించే శక్తి పిట్టలకు లేదు, విరేచనాలవుతాయి. ఇడ్లీ, దోసె, ఉప్మాలో ఉప్పు ఉంటుంది. పులిహోరలో ఉప్పూ నూనే రెండూ. మనకి చప్పగా అనిపించే ఉప్పు కూడా పిట్ట మూత్రపిండాలకు భారం. మురుకులు, మిక్చర్, చిప్స్ సంగతి చెప్పనక్కర్లేదు.

కాకికి పెట్టే ముద్ద ఆచారం, దాన్ని మానమని ఎవరూ అనరు. ముద్దని నిమ్మకాయంత చేయండి, ఉప్పు, పెరుగు కలపకముందే విడిగా తీయండి, పిచ్చుకలు తినే పళ్లెంలో కాక పిట్టగోడకి ఆ చివర పెట్టండి. కాకి వచ్చే చోటికి చిన్న పిట్ట రాదు.

మరమరాలు చాలాచోట్ల ఉప్పునీళ్లు పట్టించి వేయిస్తారు, నాలుక మీద వేసుకుని చూశాకే వేయండి. అటుకులు ఫర్వాలేదు. బ్రెడ్ కడుపు నింపుతుంది, ఒంటికేమీ పట్టదు.

వేరుశనగ పలుకులు?

మనం తినగలిగేంత మంచివైతేనే. అఫ్లాటాక్సిన్ తరచుగా కనపడే గింజల్లో వేరుశనగ ఒకటి. ముడతలు పడినవి, నల్లమచ్చ ఉన్నవి, చేదుగా ఉన్నవి ఏరేయండి. వేయించని, ఉప్పు లేని పలుకుల్ని రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. పిట్ట పిల్లల గొంతులో మొత్తం పలుకు ఇరుక్కుంటుంది, అందుకని ఫిబ్రవరి నుంచి దంచకుండా పెట్టకండి.

నెయ్యి, డాల్డాతో గింజల ఉండలు చేయమని వీడియోల్లో చెబుతున్నారు.

అవి గడ్డకట్టే చలికి చేసినవి. మన ఎండకి పదకొండు గంటలకే కారిపోతాయి. కారిన కొవ్వు ఈకలకు అంటితే ఈకలు అతుక్కుపోయి ఎగరడం కష్టమవుతుంది, మిగిలింది రెండు రోజుల్లో కనరువాసన కొడుతుంది. బెల్లం పాకంతో చేసిన ఉండలకు చీమలు పడతాయి. రెండూ అక్కర్లేదు.

గుంటూరు మిరపకాయ రామచిలుకకి కారం కాదా?

కాదు. మిరపలో మంట పుట్టించే పదార్థాన్ని మన నాలుక మీద, ఉడుత నాలుక మీద పసిగట్టే గ్రాహకం పిట్టల్లో దానికి స్పందించదు. మిరప గింజల్ని అడవిలో దూరాలకు మోసుకుపోయేది పిట్టలే. అందుకే చిలుక పండుమిరపని జామపండులా తింటుంది. ఈ కిటుకు తెలిసి కొందరు ఉడుతలు రాకుండా గింజలకు కారం కలుపుతారు. పని చేస్తుంది కానీ, గాలికి ఆ కారం ఎగిరి పక్కింటివాళ్ల కళ్లలో పడుతుంది, పిట్ట కంట్లో పడిన పొడి కూడా గరగర పెడుతుంది. పెట్టాలనుకుంటే పెరట్లో మందు కొట్టని మొక్క కాయే పెట్టండి. వాణిజ్య పంటగా పండించిన మిరపకి ఎన్నిసార్లు మందు కొడతారో గుంటూరు వాళ్లకి చెప్పనక్కర్లేదు.

పండ్లు ఏవి?

జామ, బొప్పాయి, అరటి, సపోటా. బాగా కడిగి, మేకు కొట్టిన చెక్కకి సగం ముక్క గుచ్చండి. నేల మీద పెడితే చీమలదే. సపోటా, సీతాఫలం గింజలు తీసేయండి. సీతాఫలం గింజ విషం. మధ్యాహ్నానికి మిగిలింది పులుస్తుంది, తీసేయండి. అవకాడో ఏ పిట్టకీ పెట్టకూడదు, చాక్లెట్, ఉల్లిపాయ కూడా అంతే.

తేనెపిట్టకి చక్కెర నీళ్లు?

వద్దు. మన ఎండకి అవి కొన్ని గంటల్లోనే పులుస్తాయి, సీసా సందుల్లో బూజు పడుతుంది. నూరువరహాలు, మందారం పెంచండి. అరటి పువ్వు ఉంటే దానికంటే మంచి హోటలు లేదు.

గింజ దేనిలో పెట్టాలి? ఎలా శుభ్రం చేయాలి?

పాత పిండి జల్లెడ ఒకటి చాలు. మూడు చోట్ల కొబ్బరి తాడు కట్టి చూరుకి వేలాడదీయండి. మంచు పడినా నీళ్లు కిందికి కారిపోతాయి, గింజ కింద గాలి ఆడుతుంది. ప్లాస్టిక్ సీసాకి చెంచాలు గుచ్చి చేసే డబ్బాలు చూడ్డానికి బాగుంటాయి. వాటిలో చెంచా కన్నం కంటే కింద ఉన్న గింజ ఎప్పటికీ బయటికి రాదు, అక్కడే ముక్కుతుంది. సీసానే వాడాలంటే ఆ అడుగు భాగాన్ని గులకరాళ్లతో నింపి, అడుగున నాలుగు సన్న కన్నాలు పెట్టండి.

ఎత్తు ఆరు అడుగులు. పిల్లి దూకడానికి పక్కన గోడా, స్టూలూ ఉండకూడదు. పొద కనీసం రెండు మీటర్ల దూరంలో ఉండాలి. పిట్ట దాక్కోవడానికి పనికొస్తుంది, పిల్లి పొంచి ఉండడానికి దగ్గర కాదు.

వారానికోసారి సబ్బు నీళ్లతో తోమి, సీసాల్లో దొరికే బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టండి. వాసన పోయేదాకా కడిగి, ఎండలో పూర్తిగా ఆరాకే మళ్లీ గింజ వేయండి. తడి జల్లెడలో గింజ పోస్తే చేసిన పనంతా వృథా.

చీమలు, పందికొక్కులు వస్తున్నాయి.

చీమలమందు గీత, చాక్ గీత పిట్టల తిండి దగ్గర ఎప్పుడూ వద్దు. జల్లెడ వేలాడే తాడు మధ్యలో, అడుగున కన్నం పెట్టి తాడు దూర్చిన చిన్న గిన్నె బిగించి, కన్నం చుట్టూ మైనం పూసి నీళ్లు నింపండి. చీమ దాటలేదు. పందికొక్కులకు మందు రాత్రి గింజ ఉంచకపోవడమే. కింద రాలింది సాయంత్రం ఊడ్చేయండి.

నీళ్లు చలికాలంలో కూడా పెట్టాలా?

పెట్టాలి. పొడి గింజ తినే పిట్టకి నీళ్లు రోజూ కావాలి. వెడల్పాటి మట్టి మూకుడు, రెండు అంగుళాలకు మించని లోతు, మధ్యలో ఒక గరుకు రాయి. రోజూ పారబోసి, బ్రష్‌తో ఒకసారి రుద్ది నింపండి. లేకపోతే అక్కడే దోమలు గుడ్లు పెడతాయి.

పావురాలే వచ్చి అంతా తినేస్తున్నాయి.

గింజ ఎక్కువైందని అర్థం. పావురానికి తిండి దొరికినన్నాళ్లు ఏడాది పొడవునా పిల్లలు పెడుతుంది. ఎండిన రెట్ట పొడి పదే పదే పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది. 2025లో ముంబైలో కబూతర్‌ఖానాలు (పావురాలకు గింజలు వేసే చోట్లు) మూయించిన గొడవకి కారణం ఇదే. ఘాట్ల దగ్గర, గుళ్ల దగ్గర బస్తాలు కుమ్మరించడం పుణ్యం అనుకుంటారు కానీ, పక్క ఇళ్లలో ఆయాసం ఉన్నవాళ్లని అడగండి. ఇంట్లో అయితే జల్లెడ తీసేసి వరి కుచ్చు మాత్రమే ఉంచండి. రెట్ట ఊడ్చే ముందు నీళ్లు చల్లి, ముక్కుకి మాస్క్ కట్టుకోండి. పొడిగా ఊడవకండి.

ఒక పిట్ట ఈకలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చుంది. ఏం చేయాలి?

ఈకలు ఉబ్బడం, మింగలేకపోవడం, కళ్ల చుట్టూ పొక్కులు, పావురానికి మెడ మెలి తిరగడం, ఇవన్నీ అంటుజబ్బు గుర్తులు కావచ్చు. ముందు గింజ, నీళ్లు తీసేయండి. పిట్టలు ఒకచోట గుమిగూడకుండా చెదిరిపోవాలి. రెండు వారాలు ఆపి, పాత్రలన్నీ పైన చెప్పినట్టు కడగండి. నోట్లో నీళ్లు, పాలు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

బర్డ్ ఫ్లూ మన దగ్గర చలికాలపు జబ్బే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో వచ్చింది. అలాంటి వార్త ఉన్నప్పుడు, ఇంట్లో కోళ్లు ఉంటే బయటి పిట్టలకు పెట్టడం పూర్తిగా ఆపండి. కాకులో కొంగలో ఒకే చోట మూడు నాలుగు చచ్చి కనిపిస్తే చేత్తో ముట్టకుండా దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి చెప్పండి.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల చెరువుకి వెళ్తున్నాం. అక్కడి పిట్టలకు ఏం తీసుకెళ్లాలి?

ఏమీ వద్దు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చేపలు తినేవి. బిస్కెట్లు చెరువులో కుళ్లుతాయి.

రామచిలుకకి రోజూ పెడితే మచ్చికవుతుంది, పెంచుకోవచ్చా?

పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. గోడ మీదికి వచ్చి తిని పోనివ్వండి.

పండగ అయ్యాక ఒక్కసారిగా ఆపేయొచ్చా?

రోజూ పెట్టినవాళ్లు రెండు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గించండి. మాఘం దాటాక గింజ తగ్గించి నీళ్లు పెంచండి. ఏప్రిల్ నుంచి రెండు మూకుళ్లు, నీడలో ఒకటి. సంక్రాంతి మర్నాడు మాత్రం డాబా మీద, చెట్ల మీద చిక్కుకున్న గాలిపటం దారాలు ఏరి, కత్తిరించి, చెత్తలో వేయండి. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా ఏటా చెట్లకి వేలాడుతూనే ఉంటుంది. మీ జల్లెడకి పది అడుగుల లోపల ఒక్క దారం ఉన్నా, అది తీసేదాకా గింజ వేయకండి.